అమ్మమ్మ బైబిల్‌కి కొత్త బైండింగ్ – హైదరాబాద్ ఛత్తా బజార్‌లో ఒక పాత షాపు, నా అనుభవం (5కి 4)

ముందే చెప్తున్నా ఇది పొడుగు రివ్యూ. రేటు ఎంత టైం ఎంత అంతే కావాలి అనుకునేవాళ్ళకి ఇక్కడే చెప్పేస్తా: బైండింగ్‌కి 1,100, అట్ట మీద బంగారు అక్షరాలకి ఇంకో 350, పది రోజుల్లో ఇస్తా అన్నాడు, ముప్పై ఐదు రోజులు పట్టింది, పని మాత్రం అద్భుతం, ఒక్క తప్పు చేశాడు, ఆ తప్పుకే ఒక స్టార్ కోసేశా. మిగతాది తీరిగ్గా చదివేవాళ్ళకి.

మా అమ్మమ్మకి 84 ఏళ్ళు. పాస్టరమ్మ. అంటే తాత పాస్టరు, మెదక్, నిజామాబాద్ వైపు ఊళ్ళలో నాలుగేళ్ళకోసారి ట్రాన్స్‌ఫర్ అవుతూ బతికినవాళ్ళు, తాత పోయి పదకొండేళ్ళైంది, ఇప్పుడు అమ్మమ్మ అల్వాల్‌లో మా మామయ్య దగ్గర ఉంటుంది. ఆమె బైబిల్ 1959లో పెళ్ళికి వాళ్ళ నాయన ఇచ్చింది. 65 ఏళ్ళు రోజూ తెల్లారుజామున నాలుగున్నరకి తెరిచిన పుస్తకం ఎలా ఉంటుందో ఊహించుకోండి. వెనక అట్ట లేదు, ముందు అట్ట బట్టతో కుట్టుకుంది, ఆదికాండం మొదటి పేజీలు ఊడిపోతే అన్నం మెతుకులతో అంటించింది, తర్వాత మనవళ్ళు సెల్లోటేప్ అలవాటు చేశారు (అందులో నేనూ ఉన్నా, ఆ పాపం గురించి కింద చెప్తా), మధ్యలో కీర్తనల దగ్గర పుస్తకం రెండు ముక్కలైపోయింది. రెండు ముక్కలనీ రబ్బర్ బ్యాండ్ వేసి దిండు కింద పెట్టుకునేది.

కొత్తది కొనొచ్చు కదా అంటారు. కొన్నాం. ఇంట్లో మూడు ఉన్నాయి, ఒకటి పెద్దక్షరాలది బైబిల్ హౌస్ నుంచి నేనే తెచ్చా, ఒకటి జిప్పు కవర్‌ది, ఒకటి ఎవరో కూడికలో శాలువాతో పాటు ఇచ్చారు. మూడూ బీరువాలో ఉన్నాయి. ఎందుకు చదవవు అమ్మమ్మా అంటే ఆమె చెప్పింది విని నేను నోరు మూసుకున్నా. "నాకు కండ్లు సరిగ్గ కనపడవు బిడ్డా, గా పుస్తకంల ఏ మాట ఏ పక్క పేజీల ఏ మూలకుందో నా చెయ్యికి ఎరుక. కొత్త దాంట్ల మాటలు అవే గని జాగలు మారినయి." రెండు కళ్ళకీ ఆపరేషన్ అయిన మనిషి సగం చూపుతో సగం గుర్తుతో చదువుతుంది. 23వ కీర్తన ఎడమ పేజీలో కింద ఉండాలి, అంతే. కాబట్టి ఆ పుస్తకమే బాగుచేయించాలి, పేజీలు అటూఇటూ కాకూడదు.

దీనికి తోడు ఒక గడువు. మెదక్ చర్చికి 2024 డిసెంబర్ 25కి నూరేళ్ళు. పాస్నెట్ దొర అనే మిషనరీ కరువు రోజుల్లో జనాలకి పని చూపించి, కూలి కింద తిండి పెట్టి కట్టించిన గుడి, 1924 క్రిస్మస్ రోజు ప్రతిష్ఠ చేశారు, గంట గోపురం 175 అడుగులు, చూడనివాళ్ళుంటే వెళ్ళి రండి, పొద్దున పూట ఆ రంగు అద్దాల కిటికీల్లోంచి వచ్చే వెలుగు కోసమైనా వెళ్ళాలి. అమ్మమ్మ వాళ్ళ నాయన చిన్నపిల్లాడప్పుడు అక్కడ రాళ్ళు మోశాడట. ఆ రాళ్ళు మోసిన మనిషి కొనిచ్చిన బైబిల్ పట్టుకుని నూరేళ్ళ పండగకి వెళ్ళాలని ఆమె కోరిక. ఆమె ఏదీ అడగదు, చీర కొంటానంటే కూడా వద్దంటది, అలాంటిది నోరు తెరిచి అడిగింది.

సరే అని మొదట మా ఇంటి దగ్గర జిరాక్స్ షాపుకి వెళ్ళా. ఆ పిల్లాడు చూసి "అన్నా స్పైరల్ చేసేద్దామా" అన్నాడు. బైబిల్‌కి స్పైరల్! ఇంజనీరింగ్ రికార్డు అనుకున్నాడేమో. ఇంకో చోట, ఇది కొంచెం పెద్ద షాపు, ఏసీ ఉంది, వాళ్ళు పర్ఫెక్ట్ బైండింగ్ చేస్తాం రెండు గంటల్లో ఇచ్చేస్తాం అన్నారు. ఇక్కడ ఒక విషయం తెలుసుకోండి, నాకూ అప్పటిదాకా తెలీదు. పర్ఫెక్ట్ బైండింగ్ అంటే పుస్తకం వెన్ను మొత్తం మిషన్‌తో కోసేసి విడి కాగితాలు చేసి వేడి జిగురుతో అంటించేస్తారు. మామూలు జిరాక్స్ కాగితం 70, 80 జీఎస్ఎం (చదరపు మీటరు కాగితం బరువు గ్రాముల్లో) ఉంటుంది కాబట్టి అది పట్టుకుంటుంది. బైబిల్ కాగితం అందులో సగం కూడా ఉండదు, ఉల్లిపొర లాగా ఉంటుంది, జిగురుకి ఆనదు, పైగా అలా చేసిన పుస్తకం బల్ల మీద తెరిచి పెడితే తెరిచినట్టు ఉండదు, చెయ్యి తీయగానే మూసుకుపోతుంది. రెండు చేతులూ వణికే మనిషికి అది పనికిరాదు. పాత బైబిళ్ళన్నీ ఫారాలు ఫారాలుగా, అంటే కొన్ని కొన్ని పేజీల కట్టలుగా మడిచి మడత మధ్యలోంచి దారంతో కుట్టినవి. మళ్ళీ దారంతో కుట్టేవాడే కావాలి.

ఆఫీసులో ఒక ఫ్రెండు వాళ్ళ నాన్న పాత ఖురాన్ బాగుచేయించిన చోటు చెప్పాడు, ఛత్తా బజార్. పెళ్ళి కార్డుల కోసం వెళ్ళే ఛత్తా బజారే. జేబీఎస్‌లో మెట్రో గ్రీన్ లైన్ ఎక్కి ఎంజీబీఎస్‌లో దిగి అక్కణ్ణుంచి ఆటో, బండి మీద మాత్రం వెళ్ళకండి, పార్కింగ్ వెతుక్కునేసరికి జీవితం అయిపోతుంది. షాపుకి బోర్డు లేదు. కార్డుల షాపుల మధ్యలో సందులోకి వెళ్తే మెట్ల కింద గది, లోపల ఒక చేతి ప్రెస్సు, కుట్టు చట్రం, గోడకి ఆనించి అట్టల దొంతర, మైదా ఉడికించే గిన్నె. కూర్చున్నది డెబ్బై దాటిన పెద్దాయన, అందరూ చాచా అంటారు, నేనూ అదే అన్నా.

చాచా పుస్తకం తీసుకుని ఏమీ మాట్లాడకుండా ముందు చేతులు కడుక్కొచ్చాడు. చెంబుతో నీళ్ళు పోసుకుని తువ్వాలుతో తుడుచుకుని అప్పుడు రబ్బర్ బ్యాండ్ తీశాడు. "కిస్కా హై" (ఎవరిది) అన్నాడు. నానీ కా అన్నా. "పఢ్తే హైఁ క్యా అభీ భీ" (ఇప్పటికీ చదువుతారా) అంటే రోజూ అన్నా. అప్పుడు సెల్లోటేప్ చూశాడు. ఇంక చూడండి తిట్లు. టేప్ వేసిన చోటల్లా పసుపు పచ్చగా మారి, జిగురు కాగితంలోకి దిగి, అక్షరాలు నూనె పడ్డట్టు అయిపోయాయి. ఎవడు వేశాడు ఇది అన్నాడు, నేను గోడ మీద క్యాలెండర్ చూశా. మీ ఇంట్లో పాత పుస్తకాలు ఏమున్నా సరే, దయచేసి టేప్ వేయకండి, మెతుకులు నయం అన్నాడాయన, అమ్మమ్మ మెతుకులతో అంటించిన పేజీలు నీళ్ళ తడితో శుభ్రంగా విడిపోయాయి, నా టేప్ పేజీలే విడిపోలేదు.

ఆయన వాడేది మైదా జిగురే, అందులో చిటికెడు మైలుతుత్తం కలుపుతాడు, పురుగు పట్టకుండా. తోలు వేయనా రెక్సినా అని అడిగాడు, అమ్మమ్మ రెక్సిన్ చాలంది, నల్లది. తారీఖు నవంబర్ 18. ఎప్పుడిస్తారు చాచా అంటే దస్ దిన్ అన్నాడు.

హైదరాబాద్‌లో పుట్టి పెరిగి కూడా నేను దస్ దిన్ నమ్మా, నా తప్పే. పదో రోజు ఫోన్ చేస్తే "పర్సోఁ", అంటే ఎల్లుండి. ఆ పర్సోఁ నాడు వెళ్తే ఆయన మనవరాలి పెళ్ళి. తర్వాత మళ్ళీ పర్సోఁ. పాతబస్తీ పర్సోఁకి అర్థం తెలుసుగా, నిన్న కానిది ఏదైనా పర్సోఁయే, రేపు కానిది కూడా పర్సోఁయే. నాలుగుసార్లు మెట్రో ఎక్కా. ఇది రివ్యూ కాబట్టి గట్టిగా చెప్తున్నా, అర్జెంటు పనైతే ఇక్కడికి వెళ్ళొద్దు. అడ్వాన్సు కూడా మొత్తం ఇవ్వొద్దు, సగం ఇవ్వండి.

ఇంట్లో అమ్మమ్మ ఈ ముప్పై ఐదు రోజులూ బైబిల్ లేకుండా ఏం చేసిందంటే, ఏం లేదు, నాలుగున్నరకే లేచి ఉత్త చేతులతో కూర్చునేది. నోటికొచ్చింది చెప్పుకునేది. కొత్తది తెరవలేదు. మా అత్తయ్య ఒకరోజు ఫోన్‌లో ఆడియో బైబిల్ పెట్టి పక్కన పెడితే కాసేపు విని "ఈయన మస్తు ఉరుకుతుండు" అని ఆపేయించింది.

ఈలోగా బంగారు అక్షరాల కథ. చాచా దగ్గర ఇత్తడి అక్షరాలు ఇంగ్లీషువీ ఉర్దూవీ ఉన్నాయి, తెలుగు లేవు. అక్షరాల అచ్చు బ్లాకు బయట చేయించాలి, ఆ 350 అందుకే. బ్లాకు రాగానే ఫోటో పంపించాడు, నాకు బానే కనిపించింది, ఓకే అనబోయి ఎందుకో అమ్మమ్మకి చూపించా. ఫోన్ ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, "చుక్క ఏది?" అంది. ఏం చుక్క? "పరిశుద్ధ గ్రంథము అంటే థకు పొట్టల చుక్క ఉండాలె. గిది ధ." నిజమే, గ్రంధము అని పడింది. మా తరంలో సగం మంది అలాగే రాస్తాం. రెండు కళ్ళూ ఆపరేషన్ అయిన ఆమె పట్టుకుంది, డిగ్రీ చదివిన నేను పట్టుకోలేదు. బ్లాకు మళ్ళీ చేయించారు, రెండోదానికి డబ్బులు తీసుకోలేదు, అది చాచా మంచితనం, రాసుకోండి.

ఆ చుక్క ఊరికే రాలేదు ఆమెకి. తాత ఏ ఊళ్ళో ఉన్నా మధ్యాహ్నం అంట్లు తోముకున్నాక ఆడవాళ్ళని కూర్చోబెట్టుకుని పలక మీద అక్షరాలు దిద్దించేది, కూలికి పోయొచ్చినవాళ్ళు, నలభై దాటినవాళ్ళు, బైబిల్ సొంతంగా చదువుకోవాలని వాళ్ళ కోరిక. థ, ధ తేడా ఎన్ని వందల సార్లు చెప్పి ఉంటుందో. దీనికి జీతం లేదు. పాస్టరమ్మ అంటే అదే కదా, ఏ ఊరి మందిరంలోనైనా అంతే, జీతం అయ్యగారికి, పని అమ్మగారికి. స్త్రీల కూడిక ఆమె నడపాలి, సండే స్కూల్ ఆమె చెప్పాలి, శుక్రవారం ఉపవాస ప్రార్థనకి వచ్చినవాళ్ళకి సాయంత్రం గంజి ఆమె కాయాలి, ఎవరింట్లో కాన్పైతే అక్కడ, ఎవరింట్లో చావైతే అక్కడ, అర్ధరాత్రి తలుపు కొడితే లేవాల్సింది కూడా ఆమే. సంఘంలో ఇంటింటా పిడికెడు బియ్యం తీసి ఆదివారం తెచ్చేవాళ్ళు, ఆ డబ్బా మీద ఇల్లు నడిచిన నెలలున్నాయట. నాకు ఇది వింటే కోపం వస్తది, నేను ఆదివారం పదకొండుకి లేచే రకం కాబట్టి నా కోపానికి విలువ లేదనుకోండి, కానీ ఒకసారి అడిగేశా, నీకు ఎప్పుడూ కోపం రాలేదా అని. "వచ్చింది. డిచ్‌పల్లిల ఉన్నప్పుడు ఒక్కసారి పెట్టె సర్దుకున్న" అంది. ఏమైంది అంటే చెప్పలేదు, చాయ్ పెట్టమంది.

డిచ్‌పల్లి అంటే కుష్ఠు ఆసుపత్రి ఊరు, ఇసబెల్ కెర్ అనే డాక్టరమ్మ 1915లో మొదలుపెట్టింది. అమ్మమ్మ వాళ్ళు వెళ్ళింది 1966లో, అప్పటికి ఇప్పుడిచ్చే మూడు మందుల ట్రీట్‌మెంట్ ఇంకా రాలేదు, అది 1980ల్లో కదా వచ్చింది, జబ్బు తగ్గినా జనం దగ్గరికి రానిచ్చేవాళ్ళు కాదు. అమ్మమ్మ వాళ్ళతో పాటు ఒక్క బంతిలో కూర్చుని తిన్నదని మా అమ్మ చెప్తుంది, ఆమె చెప్పుకోదు.

సరే షాపుకి వద్దాం. డిసెంబర్ 23 సోమవారం, క్రిస్మస్‌కి రెండు రోజులు, ఫోన్ వచ్చింది, ఆజావ్ బేటా. వెళ్ళా. చాచా పుస్తకం బల్ల మీద పెట్టి మొదట్లో తెరిచి చెయ్యి తీశాడు, అలాగే పడుకుంది. చివర్లో ప్రకటన గ్రంథం దగ్గర తెరిచి చెయ్యి తీశాడు, అలాగే ఉంది. మధ్యలో సరే సరి. మైనం పట్టించిన దారంతో ప్రతి ఫారం కుట్టి, వెన్నుకి బట్ట వేసి, చిరిగిన అంచులకి పల్చటి కాగితం అతికి, వెలుతురుకి పెట్టి చూస్తే తప్ప అతుకు కనిపించట్లేదు. వెన్ను మీద చుక్కతో సహా పరిశుద్ధ గ్రంథము. బుక్ బైండింగ్ గురించి నాకేం తెలీదు కానీ పుస్తకం పట్టుకోగానే ఒక బరువు తెలుస్తది చూడండి, అది తెలిసింది.

కానీ నేను ఇంత రాయడానికి కారణం ఆ బైండింగ్ కాదు, ఆయన పక్కన పెట్టిన ప్లాస్టిక్ కవర్. 65 ఏళ్ళలో ఆ పేజీల మధ్య అమ్మమ్మ పెట్టుకున్నవన్నీ అందులో ఉన్నాయి, ఒక్కోదానికి చిన్న చీటీ, చీటీ మీద పెన్సిల్‌తో పేజీ నంబరు. ఆయనకి తెలుగు చదవడం రాదు, ఏది ముఖ్యమో ఏది చెత్తో తెలీదు, అందుకని ఏదీ పారెయ్యలేదు. మట్టల ఆదివారం నాటి ఈతాకు సిలువ, ఎండి పొడైపోతోంది, దానికీ చీటీ. కామారెడ్డి బస్సు టికెట్. మా అమ్మ హాస్టల్ ఫీజుకి కట్టిన మనీఆర్డర్ రశీదు. ఒక రూపాయి నోటు. నర్సింగ్‌లో చేరిన కొత్తలో మా పెద్దమ్మ రాసిన ఇన్‌లాండ్ లెటర్. తాత చేతిరాతతో ఒక చీటీ, అందులో ప్రసంగం కాదు, కిరాణా లిస్టు, చివర్న "నీకు చెప్పులు" అని రాసి ఉంది. అది యోబు గ్రంథంలో ఉందట, ఎందుకు అక్కడ పెట్టుకుందో అమ్మమ్మ చెప్పలేదు. నేను అడగలేదు కూడా.

ముందు కుటుంబ వివరాల పేజీలో పిల్లల పుట్టినరోజులు రాసుకుంది. మాకు తెలిసినవి ముగ్గురివి. పేజీలో నాలుగు తారీఖులున్నాయి. రెండోదాని పక్కన పేరు లేదు, సంవత్సరం 1963. మా అమ్మకి కూడా తెలీదు. పేజీ అంతకుముందు అట్టకి అంటుకుపోయి ఉండేది, చాచా విడదీశాడు.

ఇప్పుడు తప్పు. బైండింగ్ అయ్యాక అంచులు సమానంగా రావడానికి కటింగ్ మిషన్‌లో పెట్టి ఒక రెండు మిల్లీమీటర్లు కోశాడు. అంచులు అందంగా వచ్చాయి, ఎర్ర రంగు కూడా వేశాడు. కానీ అమ్మమ్మ అంచుల దాకా రాస్తది. ఎర్ర నీలం పెన్సిల్‌తో పేర్లు, తారీఖులు, ఎవరి కోసం ఏ రోజు ప్రార్థన చేసిందో, "వాన లేదు 1972" అని ఒకచోట, "కుడి కన్ను" అని ఇంకోచోట. ఆ రెండు మిల్లీమీటర్లలో పదిహేడు చోట్ల అక్షరాలు ఎగిరిపోయాయి, నేను లెక్కపెట్టా. చెప్పకుండా కోయడం ఏంటి చాచా అని అరిచా కూడా. ఆయన చూసి, తల పట్టుకుని, ముక్కల బుట్ట వెతికాడు పాపం, సన్నటి కాగితం పోగులు, ఏ పేజీది ఏదో ఎవరికి తెలుస్తది. నూరు రూపాయలు వాపస్ ఇవ్వబోయాడు, తీసుకోలేదు. మీరు ఎవరైనా పాత పుస్తకం ఇస్తే "కటింగ్ వద్దు" అని కాగితం మీద రాసివ్వండి, నోటితో చెప్తే చాలదు. స్టార్ పోయింది ఇక్కడే.

మర్నాడు పొద్దున అమ్మమ్మకి ఇచ్చా. ముందు వాసన చూసింది. కొత్త రెక్సిన్ వాసన నచ్చలేదు, మొహం చిట్లించింది. తర్వాత చూడకుండా బొటనవేలితో తెరిచింది, 23వ కీర్తన, ఎడమ పేజీ, కింద. "ఆఁ, గిదే" అంది. కవర్‌లోవి ఒక్కోటీ చీటీ చూసి మేం చెప్తుంటే ఎక్కడిదక్కడ పెట్టుకుంది, గంటన్నర పట్టింది, చెప్పుల చీటీ మాత్రం మేం చెప్పకముందే యోబులో పెట్టేసింది. మెదక్ వెళ్ళొచ్చాం, జనం అంటే జనం, లోపలికి వెళ్ళడానికే మూడు గంటలు, ఆమె బైబిల్ చంకలో పెట్టుకుని చెట్టు కింద కూర్చుని గోపురం చూస్తూ ఉంది, ఫోటోలు దిగింది, అంతే.

కోసేసిన చోట్ల విషయం నేను చెప్పకుండా దాద్దామనుకున్నా, రెండో రోజే పట్టేసింది. కోప్పడలేదు, పెన్ను అడిగింది. రోజుకి ఒకటో రెండో, గుర్తున్నంత వరకు, పోయిన అక్షరాలు మళ్ళీ పక్కన రాసుకుంటూ వస్తోంది, చెయ్యి వణుకుతది కాబట్టి అక్షరాలు గీతలు దాటి వాక్యాల మీదికి ఎక్కుతున్నాయి. పదిహేడులో పదహారు అయ్యాయి. ఒక్కటి మిగిలింది, లూకా సువార్త పక్కన ఎవరో జబ్బుగా ఉన్నవాళ్ళ పేరు, "శాం" దాకా ఉంది, తర్వాతది పోయింది. అప్పుడున్న ఊళ్ళో శాంతమ్మ ఉండేదట, శాంసనూ ఉండేవాడట, ఇద్దరికీ ఒంట్లో బాగుండేది కాదట. ఎవరో గుర్తు రావట్లేదని రోజూ ఇద్దరి కోసమూ ప్రార్థన చేస్తోంది.